చెవిలో మోతతోనే పనికి పోతున్నారా?

మిల్లు బంద్ చేసి ఇంటికొచ్చి పడుకున్నాక కూడా చెవిలో గుయ్యిమనే మోత ఆగడం లేదంటే, ముందు పోవాల్సింది మందుల షాపుకి కాదు, వినికిడి పరీక్షకి. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో, వరికోత మిషన్ల మీద, వెల్డింగ్ షాపుల్లో, డీజే బాక్సుల పక్కన పనిచేసే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పాలి. చుక్కల మందులకీ బిళ్లలకీ కష్టపడ్డ కూలి డబ్బులు తగలేయడం చూస్తే బాధేస్తుంది.

పెద్ద శబ్దానికి లోపలి చెవిలోని సన్నని కణాలు చచ్చిపోతాయి. మనిషిలో అవి మళ్లీ పుట్టవు. అక్కడి నుంచి అందే సంకేతం తగ్గేసరికి మెదడే వాల్యూమ్ పెంచుకుంటుందనీ, అదే మనకు హోరుగా వినిపిస్తుందనీ నిపుణులు ఎక్కువగా చెబుతారు. అలాంటి హోరు చుక్కలు వేస్తే పోదు. గులిమి గడ్డకట్టో, చీము పట్టో వచ్చిన మోత అయితే డాక్టరు చూసి నయం చేస్తారు.

మోతను పూర్తిగా ఆపే మాత్ర ఇప్పటికైతే లేదు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు గింకో, జింక్, మెలటోనిన్ బిళ్లలు వాడమని చెప్పొద్దన్నాయి. అవే మార్గదర్శకాలు రెండింటిని సిఫారసు చేశాయి. వినికిడి తగ్గినవాళ్లు హియరింగ్ ఎయిడ్ పెట్టుకుని చూడటం ఒకటి. బయటి మాటలు బాగా వినిపిస్తే లోపలి మోత చాలామందిలో వెనక్కి తగ్గుతుంది. రెండోది సీబీటీ అనే కౌన్సెలింగ్. అది మోతను ఆపదు గానీ దాని వల్ల కలిగే భయాన్నీ చిరాకునూ తగ్గిస్తుంది. రాత్రి ఫ్యాన్ చప్పుడో, తక్కువ సౌండ్‌లో రేడియోనో ఉంచుకుంటే నిద్ర సులువవుతుంది. నాలుక మీద చిన్న కరెంటు, చెవిలో శబ్దం కలిపి ఇచ్చే లెనైర్ అనే పరికరానికి 2023లో అమెరికా అనుమతి వచ్చింది. అప్పు చేసి దాని వెంట పడాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం.

గిన్నె కిందపడ్డా, హారన్ కొట్టినా చెవి నొప్పి పుట్టేవాళ్ల సంగతి వేరు. వాళ్లు రోజంతా దూది కుక్కుకుంటారు. దాంతో చెవి ఇంకా సున్నితమవుతుంది. ఇంట్లో దూది తీసేయండి, మెల్లని శబ్దంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేసుకోండి. నిజంగా పెద్ద శబ్దం ఉన్నచోట మాత్రం దూది చాలదు, ఫోమ్ ఇయర్‌ప్లగ్గు కావాలి. దాన్ని సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టాలి. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ ప్లగ్గు తప్పనిసరి. 85 డెసిబెల్స్‌లో 8 గంటలే హద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర ఒక్క గంటే.

ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. స్టెరాయిడ్ మందు మొదటి రోజుల్లో పడితేనే ఫలితం ఎక్కువ. ఒక్క చెవిలోనే మోత ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపించినా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయొద్దు.

మనకు దగ్గర్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఉంది. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లొచ్చు. పరీక్షకు సెలవు మర్నాడు, డ్యూటీకి ముందే పోండి. శబ్దంలో అలిసిన చెవి తప్పు లెక్క చూపిస్తుంది. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పండి, ఎక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా మోత తెస్తుంది.

శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం చట్టం గుర్తించిన వృత్తిరోగం. పరిహారం అడగాలంటే కాగితం కావాలి. అందుకే కొత్తగా మిల్లులో చేరే తమ్ముళ్లు మొదటి నెలలోనే వినికిడి పరీక్ష చేయించుకుని, దాని ఫలితం చూపే ఆడియోగ్రామ్ తీసుకుని, ఆ కాగితాన్ని ఆధార్ కార్డుతో పాటు భద్రంగా దాచుకోండి.