యాప్ తయారు చేసే ముందు అడగవలసిన ప్రశ్నలు

మన తరగతిలో "పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడిగితే, డాక్టరు, సైనికాధికారి అనే జవాబులతో పాటు "యాప్‌లు తయారు చేస్తాను" అనే జవాబు కూడా ఇప్పుడు వినిపిస్తోంది. కోడింగ్ నేర్చుకుంటే యాప్ తయారవుతుంది, నిజమే. కానీ తయారైన యాప్‌ను మనుషులు వాడగలగాలంటే కోడింగ్ ఒక్కటే చాలదు. తెర మీద ఏది ఎక్కడ ఉండాలి, ఏ మాట రాయాలి, వేలు ఎక్కడ పడుతుంది, పొరపాటు జరిగితే వెనక్కి ఎలా రావాలి అన్నవి కూడా ఆలోచించాలి. మనిషికీ యంత్రానికీ మధ్య ఉండే ఈ భాగాన్నే ఇంటర్‌ఫేస్ అంటారు. ఫ్యాను రెగ్యులేటరు ఒక ఇంటర్‌ఫేస్. ఏటీఎం మీటలు ఒక ఇంటర్‌ఫేస్. ఫోను తెర కూడా అంతే.

బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు ఈ విషయం త్వరగా బోధపడుతుంది. అమ్మానాన్నల ఉద్యోగం రైల్వేలో కావచ్చు, కేంద్ర బలగాల్లో కావచ్చు, ఇనుప గనుల్లో కావచ్చు. కొన్నేళ్ళకు ఒకసారి మనం కొత్త ఊరికి వెళ్తాం. బోర్డు మీది లిపి తెలియదు, బజారులో మాట తెలియదు. ఎక్కడ ఏముందో అడిగి తెలుసుకోవాలి. మొదటిసారి స్మార్ట్‌ఫోను పట్టుకున్న మనిషి పరిస్థితి కూడా అదే. అందుకే ఈ పాఠానికి మనం ఇప్పుడు ఉంటున్న బస్తర్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

1. వాడేది ఎవరు?

డిజైనరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది. బస్తర్‌లో హల్బీ, గోండి, భత్రీ, ధుర్వా, దోర్లీ వంటి భాషలు వినిపిస్తాయి. గోండి, ధుర్వా మన తెలుగులాగే ద్రావిడ భాషలు. మన 'కన్ను'ను గోండిలో 'కన్' అంటారు. మన 'నాలుగు' అక్కడ 'నాలుంగ్'. 2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 30 లక్షల మంది గోండిని మాతృభాషగా చెప్పుకున్నారు. అయినా ఫోను సెట్టింగుల్లో భాషల జాబితా తెరిస్తే అందులో గోండి సాధారణంగా కనిపించదు.

ఒక ఊళ్ళో చేతి పంపు పాడైందనుకోండి. ఫిర్యాదు చేయడానికి యాప్ ఉంది. కానీ అది హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంది. చదవడం రాని గోండి మహిళకు ఆ యాప్ ఉన్నా లేనట్టే. పంపు బాగుకాదు, నీళ్ళ కోసం ఆమె దూరం నడవవలసిందే. ఇంటర్‌ఫేస్‌ను అందం కోసం చేసే అలంకారం అనుకోకూడదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

2. చదవలేని వారికి దారి ఏది?

ఈ ప్రశ్నకు ఒక గట్టి జవాబు ఛత్తీస్‌గఢ్‌లోనే పుట్టింది. దాని పేరు సీజీనెట్ స్వర. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో దీన్ని మొదలుపెట్టారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకులు సాంకేతికంగా తోడ్పడ్డారు. ఇందులో తెర లేదు, అక్షరం లేదు. ఉన్నదల్లా మామూలు ఫోను, మనిషి గొంతు.

అది పని చేసే తీరు చూడండి. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. యంత్రమే తిరిగి ఫోను చేస్తుంది కాబట్టి చేసినవారికి ఖర్చు ఉండదు. తమ మాట రికార్డు చేయడానికి ఒక అంకె, ఇతరులు చెప్పినవి వినడానికి ఇంకో అంకె నొక్కాలి. అంతే. చెప్పినదాన్ని నిర్వాహకులు పరిశీలించి అందరికీ వినిపిస్తారు. సమస్య చెప్పేవారు సంబంధిత అధికారి ఫోను నంబరు కూడా చెబుతారు. విన్నవారు ఆ అధికారికి ఫోను చేసి అడగవచ్చు. పని పూర్తయితే ఆ సంగతిని కూడా మళ్ళీ రికార్డు చేస్తారు.

ఇక్కడ డిజైనరు నేర్చుకోవలసిన పాఠం ఒకటి ఉంది. తెర మీద పది బటన్లు పెట్టినా కళ్ళు ఒక్కసారి చూసి కావలసినది ఎంచుకుంటాయి. చెవికి ఆ సౌకర్యం లేదు. "దీనికి ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి" అంటూ తొమ్మిది దాకా వెళ్తే మొదట విన్నది మరచిపోతాం. కాబట్టి గొంతుతో నడిచే ఇంటర్‌ఫేస్‌లో ఎంపికలు బాగా తక్కువ ఉండాలి, ముఖ్యమైనవి ముందు రావాలి.

స్మార్ట్‌ఫోన్లు పెరిగాక అదే బృందం, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కలిసి ఆదివాసీ రేడియో అనే యాప్ తెచ్చారు. దేవనాగరిలో రాసిన గోండి వార్తను అది చదివి వినిపిస్తుంది. గోండితో పాటు సంతాలీ, భీలీ, ముండారీ భాషలకు అనువాదం చేసే ఆది వాణి అనే యాప్‌ను కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో ప్రయోగాత్మకంగా విడుదల చేసింది.

మరి బొమ్మలు పెడితే సరిపోదా? బెంగళూరులో ఇంద్రాణీ మేధీ అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి చదవడం రానివారి కోసం అక్షరాలు లేని తెరలు తయారు చేసి పరీక్షించారు. ఇళ్ళలో పనిచేసేవారికి ఉద్యోగాలు వెతికిపెట్టే తెర అందులో ఒకటి. ఊరికే గిన్నెల బొమ్మ పెడితే "ఇవి గిన్నెలు" అని అర్థమవుతుంది గానీ "గిన్నెలు తోమే పని" అని అర్థం కాదు. కుళాయి నుంచి నీళ్ళు పడుతున్నట్టు గీస్తే పని అర్థమవుతుంది. అంటే బొమ్మలో వస్తువుతో పాటు క్రియ కూడా కనబడాలి. బొమ్మను తాకితే గొంతు వినిపిస్తే ఇంకా మంచిది.

3. ఏ లిపి, ఎంత చోటు?

గోండి భాష మాట్లాడేవారు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల్లో ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని దేవనాగరిలో రాస్తారు, తెలంగాణలో తెలుగు లిపిలో రాస్తారు. గోండికి సొంత లిపులు కూడా ఉన్నాయి. మున్షీ మంగళ్ సింగ్ మసరాం 1918లో రూపొందించిన మసరాం గోండి లిపి ఒకటి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి మరొకటి. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పట్టికలో మసరాం గోండి 2017లోనూ గుంజాల గోండి 2018లోనూ చేరాయి. పట్టికలో చోటు దొరికితేనే ఆ లిపికి ఫాంటు, కీబోర్డు తయారు చేయడం సులువు. కానీ ఒక యాప్ తయారు చేసేవారు ఏ లిపి ఎంచుకోవాలి? ఆ ఊరి పిల్లలు బడిలో ఏ లిపి నేర్చుకున్నారో కనుక్కోకుండా దీనికి జవాబు చెప్పలేం.

మన తెలుగుకు కూడా చిక్కులు ఉన్నాయి. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. ఇంగ్లీషులో ఒక ఎస్ఎమ్ఎస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు వంటి లిపుల్లో 70 సంకేతాలే పడతాయి. అందులో 'స్త్రీ' ఒక్కటే ఆరు తీసుకుంటుంది. "పేరు 20 అక్షరాలు మించకూడదు" అని యాప్ నియమం పెడితే తెలుగు పేర్లు మధ్యలో తెగిపోవడానికి కారణం ఇదే. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషుకు ఇచ్చినంత చోటే ఇస్తే వత్తు వెళ్ళి కింది వరుసలోని గుడిని తాకుతుంది.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతాల వరుసలో సందేశంగా వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ సంస్థ అదే నెలలో సవరణ విడుదల చేసింది. ప్రపంచమంతా వాడే ఫోనును కూడా ఒక సంయుక్తాక్షరం తడబడేలా చేసింది. అన్ని లిపులతోనూ పరీక్షించడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

4. ఏ మాట రాయాలి?

ఇంగ్లీషు యాప్‌ను మాటకు మాట తెలుగు చేస్తే ఏమవుతుందో చూద్దాం. "టికెట్ రద్దు చేయాలా?" అని అడిగి కింద "సరే", "రద్దు" అని రెండు బటన్లు పెట్టారనుకోండి. "రద్దు" నొక్కితే టికెట్ రద్దవుతుందా, రద్దు చేయడమే ఆగిపోతుందా? "టికెట్ రద్దు చేయండి", "టికెట్ ఉంచండి" అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు.

మర్యాద ఇంకో ప్రశ్న. ఇంగ్లీషులో పెద్దవారికీ పిల్లలకూ ఒకే క్రియ సరిపోతుంది. తెలుగులో "నొక్కు" వేరు, "నొక్కండి" వేరు. చోటు ఆదా అవుతుందని "నొక్కు" అని రాస్తే, యాప్ తాతగారిని ఏకవచనంలో పిలిచినట్టే.

పేరు రాసే గడి గురించి మనకు వేరే చెప్పనక్కరలేదు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో "మొదటి పేరు, చివరి పేరు" అని ఉంటే ఒక రాష్ట్రంలో ఒకలా, ఇంకో రాష్ట్రంలో ఇంకోలా నింపుతాం. తరువాత ఆధార్‌లో ఒక వరుస, మార్కుల జాబితాలో మరో వరుస. ఒకే పేరు ఉన్నవారిని "చివరి పేరు తప్పనిసరి" అని ఆపేసే ఫారాలు కూడా ఉన్నాయి. "పూర్తి పేరు" అని ఒకే గడి ఇస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

భాష మార్చే జాబితాలో 'తెలుగు' అన్న మాటను తెలుగు లిపిలోనే రాయాలి. ఫోను తెలియని భాషలోకి మారిపోయినప్పుడు మన కళ్ళు వెతికేది మన అక్షరాలనే.

5. వేలికి అందుతుందా, ఎండలో కనిపిస్తుందా?

పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఒక సూత్రం చెప్పాడు. గురి దూరంగా ఉన్నా చిన్నగా ఉన్నా దాన్ని చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. అందుకే తరచుగా వాడే బటన్ పెద్దగా, బొటనవేలికి దగ్గరగా ఉండాలి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం తాకే చోటు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలి. "పంపండి", "తీసేయండి" బటన్లను పక్కపక్కనే పెట్టకూడదు.

వారపు సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్మేవారు ఫోను చూసేది మిట్టమధ్యాహ్నం ఎండలో. తెల్లని తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు అక్కడ కనిపించవు. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు కూడా ఉంటారు కాబట్టి రంగుతో పాటు గుర్తో మాటో కూడా ఉండాలి. దుకాణాల్లో డబ్బు అందిందని బిగ్గరగా చెప్పే చిన్న పెట్టె ఎందుకంత పనికొస్తుందో ఆలోచించండి. చేతులు సరుకు కడుతున్నా చెవి ఖాళీగానే ఉంటుంది.

6. సిగ్నల్ లేకపోతే?

సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన ఊళ్ళు అడవి ప్రాంతాల్లో ఉన్నాయి. యాప్ ఫిర్యాదును ముందు ఫోనులోనే దాచుకుని, సిగ్నల్ అందగానే పంపాలి. "ఇంకా పంపలేదు", "పంపాం", "అందింది" అనే మూడు దశలూ వేరువేరుగా చూపాలి. పంపకముందే "ధన్యవాదాలు" అని చూపితే ఆ మనిషి నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతుంది, ఫిర్యాదు మాత్రం ఫోనులోనే ఉండిపోతుంది. సీజీనెట్ స్వర బృందం ఈ చిక్కుకు ఒక దారి కనిపెట్టింది. పాటలు, వార్తలు ఇంటర్నెట్ ఉన్నచోట దించుకుని, ఊళ్ళో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు బ్లూటూత్ ద్వారా పంచుకోవడం. దానికి 'బుల్టూ రేడియో' అని పేరు పెట్టారు. బ్లూటూత్‌ను పల్లెల్లో జనం పలికే తీరునే పేరుగా తీసుకోవడం గమనించండి.

చేసి చూద్దాం

కంప్యూటరు లేకుండానే మనం డిజైన్ నేర్చుకోవచ్చు.

అ) ఫోనంత కాగితం ముక్కలు నాలుగు కత్తిరించండి. "చేతి పంపు పాడైంది" అని తెలియజేసే యాప్‌కు నాలుగు తెరలు గీయండి. ఒక్కో తెరలో మూడు బటన్లకు మించి వద్దు.

ఆ) ఆ కాగితాలను ఐదుగురికి చూపండి. వారిలో ఒకరు అమ్మమ్మో తాతయ్యో, ఒకరు మీ భాష తెలియనివారు అయితే మంచిది. "ఇప్పుడు ఏం నొక్కుతారు?" అని అడిగి మౌనంగా చూడండి. చెప్పి చూపించవద్దు. ఐదుగురిని జాగ్రత్తగా గమనిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని ఈ రంగంలో పేరున్న జాకబ్ నీల్సన్ చెప్పాడు.

ఇ) వారు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఆ చోట మనిషిని తప్పుపట్టకుండా కాగితాన్ని మార్చండి. మళ్ళీ చూపండి.

ఈ) మీ తరగతిలో ఎన్ని మాతృభాషలు ఉన్నాయో లెక్కించండి. 'నీళ్ళు', 'సహాయం', 'వెనక్కి' అనే మూడు మాటలను ఆ భాషలన్నిటిలో రాయించి గోడ మీద పెట్టండి.

వచ్చే బదిలీలో మనం ఏ ఊరు వెళ్తామో తెలియదు. ఏ ఊరు వెళ్ళినా అక్కడ చదవలేని బోర్డు ముందు నిలబడిన మనిషి ఒకరు ఉంటారు. రేపు మనలో ఎవరు యాప్ తయారు చేసినా, ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి అడిగి, తరువాత కోడ్ రాయడం మొదలుపెడదాం.