అశ్వహృదయం

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడలు యువకుల సొత్తు అనే అభిప్రాయం లోకంలో బలంగా నాటుకొని ఉంది. నడివయస్సు దాటినవారు కేవలం ఆసక్తితో ఒక సాహసక్రీడను మిత్రులతో కలిసి ఎట్లా అభ్యసిస్తారో, అందుకు ఎటువంటి వివేకం అవసరమో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మహాభారతంలోని నలోపాఖ్యానంలో ఒక ఘట్టం ఉంది. రాజ్యాన్ని కోల్పోయి, రూపం మారిన నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు వద్ద సారథిగా చేరుతాడు. దారిలో రాజు అతనికి అక్షహృదయమనే విద్యను బోధిస్తాడు. నలుడు ప్రతిగా తానెరిగిన అశ్వహృదయాన్ని ఆ రాజుకు ఉపదేశిస్తాడు. గుర్రం మనస్సును ఎరగడం ఒక విద్య అనీ, విద్యను పంచుకోవడంలో స్నేహం వర్ధిల్లుతుందనీ ఈ కథ చెబుతున్నది. ఈ రెండు సత్యాలకూ నేటి కాలంలో చక్కని నిదర్శనం షో జంపింగ్ అనే అశ్వక్రీడ.

పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులో ఉమ్మడి భూములకు చట్టాల ద్వారా కంచెలు ఏర్పడ్డాయి. వేటకు వెళ్లేవారికి కంచెలను దాటగల గుర్రాలు అవసరమయ్యాయి. ఆ అవసరమే క్రమంగా క్రీడగా రూపొందింది. 1900 సంవత్సరంలో పారిస్ ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానం లభించింది. 1956 నుండి స్త్రీలు కూడా ఒలింపిక్ జంపింగ్‌లో పురుషులతో సమానంగా పోటీపడుతున్నారు.

ఈ క్రీడానియమాలు సరళమైనవి. మైదానంలో వరుస సంఖ్యలతో అడ్డుకర్రలు అమర్చి ఉంటాయి. రౌతు ఆ క్రమంలోనే గుర్రాన్ని దూకించాలి. కర్ర పడితే నాలుగు తప్పులు. గుర్రం దూకడానికి మొరాయిస్తే మరి నాలుగు తప్పులు. నిర్ణీత సమయం మించినా తప్పులు చేరుతాయి. తక్కువ తప్పులు చేసినవారు విజేతలు.

ఇటువంటి పోటీలు వృత్తి రౌతులకే పరిమితం కావు. ఇంగ్లండు, అమెరికా వంటి దేశాలలో వారాంతాలలో జరిగే స్థానిక పోటీలకు ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు, రైతులు కూడా వస్తారు. స్వారీ ద్వారా ధనార్జన చేయని ఇటువంటివారిని ఎమెచ్యూర్లు అంటారు. వారిలో యాభై, అరవై ఏళ్లవారు అరుదేమీ కాదు. వారు దాటే అడ్డుకర్రల ఎత్తు సాధారణంగా ఒక మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. చూసేవారికి ఇది స్వల్పంగా తోచవచ్చు. కాని గుర్రంపై కూర్చున్నవాని తల నేలకు దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటుందని మరువరాదు. ఇరవై ఏళ్ల వయస్సులో పడితే లేచి దుమ్ము దులుపుకోవచ్చు. యాభై ఏళ్లు దాటిన ఎముక అంత సులభంగా అతకదు. ఇంటివద్ద తమపై ఆధారపడినవారు ఉన్నారన్న తలంపు కూడా వెన్నంటి వస్తుంది. కనుక వయస్సు మీరిన రౌతుకు భయం సహజం. అది పిరికితనం కాదు, అనుభవం చేసే హెచ్చరిక.

ఈ భయానికి విరుగుడు జ్ఞానం. పోటీకి ముందు రౌతులందరూ కాలినడకన మైదానమంతా తిరిగి కొలుచుకుంటారు. గుర్రం దౌడులో ఒక అంగ సుమారు పన్నెండు అడుగులు. మనిషి మూడడుగుల చొప్పున నాలుగు అంగలు వేస్తే గుర్రపు అంగ ఒకటి అవుతుంది. రెండు అడ్డుకర్రల నడుమ దూరం ఇరవైనాలుగు మనిషి అంగలు అనుకొందాం. గుర్రం దిగడానికి రెండు, మరల ఎగరడానికి రెండు తీసివేస్తే ఇరవై మిగులుతాయి. అంటే గుర్రం అయిదు అంగలు వేయాలన్నమాట. మిత్రులు ఈ లెక్కను కలిసి వేస్తారు. “ఆ మలుపు వద్ద తొందరపడవద్దు” అని ఒకరు, “నీ గుర్రానికి నీలిరంగు పలక అంటే బెదురు, జాగ్రత్త” అని మరొకరు హెచ్చరించుకుంటారు. కొద్దిసేపటిలో వారే పరస్పరం ప్రత్యర్థులు! అయినా దాచుకోకుండా చెప్పుకోవడం ఆ స్నేహానికి అలంకారం.

అడ్డుకర్రకు మిక్కిలి చేరువైనపుడు అది గుర్రం కంటికి సరిగా ఆనదు. కన్నుల అమరిక అటువంటిది. ఆ క్షణంలో అది అంతకు ముందు చూసినదానిని, వీపుపైని రౌతును నమ్మి ఎగురుతుంది. పగ్గాలు పట్టిన చేయి వణికితే ఆ వణుకు కళ్లెం ద్వారా దానికి చేరుతుంది. “రౌతు కొద్దీ గుర్రం” అన్న మన సామెత అక్షరసత్యం.

ఒక్కొక్కప్పుడు గుర్రం బెదిరిపోతుంది, లేదా కుంటుతుంది. అప్పుడు రౌతు చేయి ఎత్తి, న్యాయనిర్ణేతలకు తెలిపి పోటీ నుండి తప్పుకోవచ్చు. నెలల తరబడి సాధన చేసి, ప్రవేశరుసుము కట్టి, అందరూ చూస్తుండగా తప్పుకోవడం కష్టమే. “ఈ రోజుకు చాలు” అని ద్వారం వద్ద నిలిచిన మిత్రుడు చెప్పగలిగితే, ఆ మాటను మన్నించగలిగితే, ఆ ఇద్దరూ నిజమైన సాహసవంతులు.

జపాను దేశస్థుడు హిరోషి హోకెట్సు జీవితం ఇందుకు వెలుగునిస్తుంది. ఆయన 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో జంపింగ్‌లో పాల్గొన్నాడు. తరువాత ఉద్యోగం చేస్తూనే స్వారీని కొనసాగించి, గుర్రం అడుగుల సొగసును పరీక్షించే డ్రెసాజ్ అనే విభాగానికి మారాడు. 1988 ఒలింపిక్స్‌కు అర్హత పొందినా, గుర్రానికి సంబంధించిన ఆరోగ్య నిబంధనల వల్ల పాల్గొనలేకపోయాడు. నిరాశపడలేదు. ఉద్యోగ విరమణ తరువాత జర్మనీలో శిక్షణ పొంది, 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో, 2012లో డెబ్బై ఒకటో ఏట లండన్‌లో పోటీపడ్డాడు. పతకం రాలేదు. అయినా లోకం ఆయనను గౌరవించింది.

వయస్సు బలాన్ని తగ్గిస్తుంది. ఆ లోటును ఓర్పు, లెక్క, స్నేహం పూరించగలవు. గుర్రం హృదయాన్ని, మిత్రుని హృదయాన్ని, తన హృదయాన్ని ఎరిగినవాడు చివరి స్థానంలో నిలిచినా ఓడినవాడు కాడు. ఏ విద్యకైనా ఇదే వర్తిస్తుంది.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. నడివయస్సు దాటిన రౌతులకు స్నేహం ఏ విధంగా తోడ్పడుతుందో వివరించండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పోటీకి ముందు మైదానాన్ని ఎందుకు కొలుస్తారు?
2. హిరోషి హోకెట్సు జీవితం నుండి మీరు ఏమి గ్రహించారు?

ఇ) సంధి విడదీసి, పేరు రాయండి.
1. నలోపాఖ్యానం
2. వారాంతం