వరి పొలం – జంతు సంక్రమిత వ్యాధుల నివారణ: ఉత్తర కోస్తాలో విభాగాల సమన్వయం

మానవులకు సోకే అంటువ్యాధుల్లో దాదాపు 60 శాతం జంతువులతో సంబంధం కలిగినవే. మనుషులు, పశువులు, పర్యావరణం – ఈ మూడింటి ఆరోగ్యాన్ని ఒక్కటిగా చూడాలన్న ‘వన్ హెల్త్’ భావన ఇందుకే బలపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి 2022లో ఉమ్మడి కార్యాచరణ ప్రణాళికను వెలువరించాయి. అయితే ఈ చర్చలో వైద్యులకు, పశువైద్యులకు ఉన్న స్థానం సేద్య శాస్త్రానికి ఇంకా దక్కలేదు. వరి ప్రధాన పంటగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది పెద్ద లోపం.

వరి పొలంలో మూడు వ్యాధులు

ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్): ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీటిలోని బ్యాక్టీరియా కాళ్ల పగుళ్లు, గాయాల ద్వారా శరీరంలోకి ప్రవేశిస్తుంది. దమ్ము, నాట్లు, కలుపుతీత పనుల్లో గంటల తరబడి నీటిలో నిలబడే కూలీలకు ముప్పు ఎక్కువ.

స్క్రబ్ టైఫస్: 2025 చివరలో విజయనగరం జిల్లాలో ఈ వ్యాధి వార్తలకెక్కింది. ఎలుకల వంటి జంతువులపై బతికే నల్లి లార్వాలు పొదల్లో, గట్ల గడ్డిలో ఉండి, పనిచేసేవారిని కుడతాయి. కుట్టినచోట తరచుగా నల్లని పెచ్చు కడుతుంది. వెంటనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది.

జపనీస్ మెదడువాపు: మన దేశంలో 1955లో వెల్లూరు ప్రాంతంలో తొలిసారి గుర్తించారు. కొంగజాతి పక్షుల్లో సహజంగా ఉండే వైరస్ పందుల్లో వృద్ధి చెంది, వరి మడుల్లో పెరిగే క్యూలెక్స్ దోమల ద్వారా మనుషులకు చేరుతుంది.

సేద్య పద్ధతుల ప్రభావం

తడి–పొడి పద్ధతిలో మడిలోని నీరు పూర్తిగా ఇంకితే దోమ లార్వాలు చనిపోతాయి. నాటిన తొలి రెండు వారాలు, పూత దశ మినహా, రంధ్రాల గొట్టంలో నీటిమట్టం నేల ఉపరితలం నుండి 15 సెం.మీ. దిగువకు చేరాక తిరిగి నీరు పెట్టవచ్చు. అయితే ఒక్క రైతు ఆరబెడితే ఫలితం స్వల్పం; వంశధార, నాగావళి ఆయకట్టుల్లో ఒక కాలువ కింది పొలాలన్నీ ఒకేసారి ఆరాలి. ఎరువుల యాజమాన్యమూ ముఖ్యమే. నత్రజని ఎరువులు వేసిన మడుల్లో క్యూలెక్స్ లార్వాల సంఖ్య పెరుగుతుందని తమిళనాడు పరిశోధనలు తెలిపాయి. కాబట్టి సిఫారసుకు మించి యూరియా వేయడం దోమకు మేలు చేయడమే.

ఇక్కడొక చిక్కు ఉంది. ఆరిన మడిలో ఎలుకల సంచారం సులభమవుతుంది. అంటే దోమల కోసం తీసుకున్న చర్య, ఎలుకల నివారణ తోడు లేకపోతే, ఎలుక జ్వరానికి, స్క్రబ్ టైఫస్‌కు దారి తీయవచ్చు. విభాగాలు విడివిడిగా పనిచేయరాదనడానికి ఇదే బలమైన కారణం.

అందువల్ల నాట్లకు ముందే గట్లను సన్నగా చెక్కి, గడ్డి తొలగించి, కన్నాలు మూసివేయాలి. మరునాడు తెరుచుకున్న కన్నాల్లో 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ (0.25 శాతం) కలిపిన ఎరను పొట్లాలుగా ఉంచాలి. ఊరంతా ఒకేసారి చేస్తేనే ఎలుకలు తగ్గుతాయి. చనిపోయిన ఎలుకలను చేతి తొడుగులతో తీసి లోతుగా పాతిపెట్టాలి. లేకుంటే వాటిని తిన్న గుడ్లగూబలు, పిల్లులు విషానికి గురవుతాయి.

సమన్వయానికి సూచనలు

సమన్వయానికి కావలసిన సంస్థలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి: నైర వ్యవసాయ కళాశాల, రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానం, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, గరివిడి పశువైద్య కళాశాల, శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలలు. కొరవడినది వీటి మధ్య సమాచార మార్పిడి.

1. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వర పీడితులను ఇటీవల ఏ పొలంలో, ఏ పని చేశారో అడిగి నమోదు చేయాలి.
2. పశువుల్లో అసాధారణ ఈసుడులు, పందుల్లో మృత పిల్లల జననం గమనించిన పశుసంవర్ధక సహాయకులు ఆశా కార్యకర్తకు, వైద్యాధికారికి తెలియజేయాలి.
3. రైతు సేవా కేంద్రం వద్ద నాట్లకు ముందు మూడు శాఖలు ఉమ్మడి సమావేశం జరిపి, నీటి విడుదల, ఎలుకల నివారణ తేదీలను నిర్ణయించాలి.
4. కూలీలు బూట్లు ధరించడం, గాయాలకు కట్టు కట్టుకోవడం, పని ముగియగానే సబ్బుతో స్నానం చేసి దుస్తులు మార్చుకోవడం పంటల శిక్షణలో భాగం కావాలి.

నీరు, ఎరువు, గట్టు గురించి సేద్య శాస్త్రవేత్త ఇచ్చే ప్రతి సిఫారసు దిగుబడితోపాటు పొలంలో దిగే మనిషి ఆరోగ్యాన్నీ ప్రభావితం చేస్తుంది. క్షేత్ర ప్రయోగాల్లో దిగుబడితోపాటు లార్వాల సంఖ్యను, ఎలుక కన్నాల సంఖ్యను కూడా నమోదు చేయడం విద్యార్థి పరిశోధకులు ఈ దిశలో వేయగల తొలి అడుగు.