పనితనమును కనబరచుట: నేత కుటుంబములకు ఒక వీడియో పాఠము

సరుకు నేయుట ఒక ఎత్తు, దానిని అమ్ముట ఒక ఎత్తు అని మన పెద్దలు చెప్పుచుండిరి. మొదటిదానిని మనకు తండ్రులు, తాతలు గుంటమగ్గము మీద కూర్చుండబెట్టి నేర్పిరి. రెండవదానిని ఎవరును నేర్పలేదు. షావుకారు పట్టునూలు ఇచ్చెడివాడు, మనము నేసియిచ్చి మజూరి తెచ్చుకొనెడివారము. నేర్వవలసిన అవసరమే తోచలేదు. ఇప్పుడు చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మన యిండ్లలో ఫోను లేని యిల్లు అరుదు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమై డేటా ధరలు పడిపోయిన నాటినుండి పిల్లలు, పెద్దలు అందరును వీడియోలు చూచుచునే యున్నారు. చూచుట వచ్చినది గాని, మన పనిని పదిమందికి చూపుట ఇంకను అలవడలేదు. ఈ పాఠము ఆ చూపుటను గూర్చినది.

మొదట ఒక సంగతి తేల్చుకొనవలెను. మనము అమ్ముచున్నది బట్టయా, పనియా? దుకాణదారు అమ్మునది బట్ట. సొంత నూలు పెట్టి నేసి అమ్ముకొనువారు మనలో కొద్దిమందియే. తక్కినవారు అమ్మునది పని. మజూరి నేత, అచ్చు అతుకుట, అద్దకము, జాకార్డు అట్టలు కుట్టుట, కోరిన రంగులో కోరిన అంచుతో చీరె నేసియిచ్చుట, ఇవన్నియు పనులే. ఈ విషయమున మనము బట్టల దుకాణమునకంటె వకీలుకు, వైద్యునకు, ఆడిటరుకు దగ్గర. వారికి అలమారలో పెట్టి చూపుటకు సరుకు లేదు. వచ్చినవాడు ముందు నమ్మవలెను, ఆ తరువాతనే పని అప్పగించును.

వారు ఆ నమ్మకమును ఎట్లు సంపాదించుచున్నారో చూడుడు. వకీలు తన వృత్తిని ప్రకటించుకొని పని అడుగరాదని బార్ కౌన్సిలు నిబంధన. వైద్యులకును ఇట్టి కట్టుబాట్లే కలవు. అయినను వీలునామా ఎట్లు వ్రాయవలెను, భూమి కొనునపుడు ఏ కాగితములు చూచుకొనవలెను అని వివరించు వకీళ్ళ వీడియోలు తెలుగులోను, కన్నడములోను చాల కలవు. అందులో తనను తాను పొగడుకొనుట లేదు, విషయము చెప్పుట కలదు. విన్నవాడు "ఈయనకు పని తెలియును" అని మనసులో అనుకొనును. మనకు అట్టి నిషేధమేదియు లేదు. అయినను మనవారు తీయు కొద్ది వీడియోలలో "అతి నాణ్యమైన, అతి చౌకయైన పట్టుచీరెలు" అను కేకలే గాని, పనిని గూర్చిన మాట ఒకటియు వినబడదు. ఆ కేకలు వేయుటలో దుకాణములవారు మనకంటె సమర్థులు. వారితో పోటీ మనకేల?

తెలుగువారిలో సామాన్యులు వీడియోలతో పేరు పొందుట క్రొత్త కాదు. మస్తానమ్మగారు నూరేండ్లు దాటిన వయసులో ఆరుబయట కట్టెలపొయ్యి మీద వండుచుండగా మునిమనుమడు తీసిన వీడియోలను దేశదేశములవారు లక్షలుగా చూచిరి. ఆమె 2018లో పరమపదించిరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వగారు "మై విలేజ్ షో" ద్వారా తన యాసలోనే మాటలాడి తెలుగునాట అందరికి ఎరుకైనారు. వీరెవ్వరును పట్నపు మాట నేర్చుకొని రాలేదు. మన వృత్తికి మరింత దగ్గరి సంగతి చింతకింది మల్లేశముగారిది. తల్లి ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడుట చూడలేక ఆసు యంత్రమును కనిపెట్టిన ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చినది. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చువరకు ఆసు అనగా ఏమో పట్నములలో అనేకులకు తెలియదు. తెరమీద ఆ చేయి అటునిటు ఆడుట చూచిన పిమ్మట పోచంపల్లి చీరె ధరను గూర్చి మరి చెప్పనక్కరలేకపోయెను.

ఇక మనము ఏమి చూపవలెను? మా సంఘ కార్యాలయమునకు వచ్చు ఫోనులలోని ప్రశ్నలను మేము ఒక పుస్తకములో వ్రాసి ఉంచుచున్నాము. తిరిగి తిరిగి వచ్చునవి కొద్దియే. ఇది చేతిమగ్గమా, పవర్‌లూమా? దుకాణములో ఇట్టిదే తక్కువకు దొరకుచుండగా మీది ఎందుకింత? ఎన్ని దినములు పట్టును? మా అమ్మ చీరె అంచు రంగునే పాప పెండ్లిచీరెకు వేయగలరా? ఇంటిలో తడుపవచ్చునా? ఈ ప్రశ్నలే మన వీడియోలకు విషయములు. ఒక్కొక్క ప్రశ్నకు రెండు మూడు నిమిషముల వీడియో ఒకటి చాలును. అన్నిటిని ఒకేదానిలో కుక్కరాదు.

వీనిలో ధర ప్రశ్నయే పెద్దది. దానికి కోపగించుకొనక విప్పి చెప్పవలెను. పట్టునూలును సబ్బునీట ఉడికించి జిగురు తీసినప్పుడు బరువులో సుమారు నాలుగవ వంతు పోవును. ఈ సంగతి కొనువారిలో బహుకొద్దిమందికి తెలియును. కిలో పట్టు ధర ఫోనులో వెదకి, చీరె బరువుతో లెక్కగట్టి బేరమాడువానికి, ఉడికించుటకు ముందు చిలపను, ఉడికించిన తరువాత అదే చిలపను తక్కెడలో పెట్టి చూపుడు. మాటలు అక్కరలేదు. ఆ పిమ్మట పడుగు సాచుట, అచ్చు అతుకుట, కండెలు చుట్టుట చూపుడు. చీరె నేయువాడు ఒక్కడే అని కొనువారి తలంపు. దాని వెనుక ఇల్లాలి చేతులు, ముసలితల్లి చేతులు కలవని ఎవరెరుగుదురు? 2019-20 నాటి నాలుగవ చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైబడిన చేనేత పనివారిలో నూటికి 72 మంది స్త్రీలని తేలినది. మన వీడియోలలో మాత్రము మగ్గము మీది మగవానినే చూపుచున్నాము. ఇంటి ఆడువారికి ఇష్టమైనచో వారి పనిని కూడ తీయవలెను. ముఖము చూపుట ఇష్టము లేకున్న చేతులు చూపిన చాలును. ముందుగా అడిగి మాత్రమే తీయుడు.

చేతిమగ్గమా కాదా అను ప్రశ్నకు చీరె అంచు విప్పి చూపి వాదించుటకంటె, అదే చీరె మగ్గము మీద నుండగా, కాళ్ళు తొక్కుట, నాడె పోవుట, కొంగు ముగియుట తీసి, కొనువారికి పంపుట మేలు. 1985 నాటి చట్టము చీరె, ధోవతి, తువాలు మొదలగు 11 రకములను చేతిమగ్గమునకు ప్రత్యేకించినను, వాని నకళ్ళు మరమగ్గముల మీద దిగుచునే యున్నవి. చట్టము చేయవలసిన పని చట్టము చేయనిండు. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కును, 2004లో వచ్చిన సిల్కు మార్కును పొందినవారు ఆ చీటీలను వీడియోలో తప్పక చూపవలెను. పొందనివారు ఆ మాట ఎత్తరాదు. జరీ విషయమునను అంతే. సగము సగము కలిపిన నూలును "ప్యూర్" అనుట ఒక చీరెను అమ్మును, పది చీరెలను చెరచును.

మన జిల్లాకు ఉన్న ఒక సౌకర్యము కాంచీపురమునకును లేదు. అక్కడి మగ్గములకు పట్టు ఎక్కువగా మన కర్ణాటకమునుండియే పోవుచున్నది. మనకో, మల్బరీ తోట రోడ్డు ప్రక్కనే, పట్టుగూళ్ళ సంత శిడ్లఘట్టలో, అక్కడనే గూడునుండి దారము తీయువారు, ఇంటిలో మగ్గము. ఆకు మొదలు చీరె వరకు ఒక్క దినములో తిరిగి తీయవచ్చును. వేడినీటిలో గూడు విడివడి దారపుకొస దొరకుట పట్నపు పిల్లలు కన్నార్పక చూచెదరు. ఇట్టి వీడియో తీయునపుడు సంతవారి అనుమతి, దారము తీయు కూలివారి అనుమతి కావలెను.

రెండవ సౌకర్యము భాష. మనము ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము మాటలాడువారము. చింతామణి తాలూకాలోని కైవారము నారాయణ తాతగారు రెండు భాషలలోను పాడినారు. ఈ నేల తీరే అట్టిది. కావున ఒకే విషయమును తెలుగున ఒకమారు, కన్నడమున ఒకమారు వేరువేరుగా చెప్పి రెండు వీడియోలు చేయుడు. ఒకే వీడియోలో వాక్యమునకొక భాష కలిపినచో ఇరువురును సగము విని పోవుదురు. తెలుగు వీడియో హిందూపురము, మదనపల్లెలకే గాక అమెరికాలోని మనవారికిని చేరును. కన్నడపు వీడియో బెంగుళూరునకు పనికివచ్చును. చిక్కబళ్ళాపురమునకు అది 60 కిలోమీటర్ల దూరమే, కొనువారు ఆదివారము కారులో వచ్చి మగ్గము చూచి పోగలరు. వీడియో పేరులో ఊరు, తాలూకా, నేత రకము మన లిపిలో వ్రాయవలెను. వెదకువారికి దొరకునది ఆ మాటల వలననే.

తీయు విధమును గూర్చి నాలుగు మాటలు. మగ్గపు గది చీకటిగా నుండును. తలుపునకు ఎదురుగా ఫోను పట్టినచో నేయువాడు నల్లని నీడవలె కనబడును. తలుపును మీ వీపు వెనుక నుంచుకొని తీయుడు. మగ్గము ఆడుచుండగా మాటలాడిన మాట వినబడదు. నాడె చప్పుడును కొంచెముసేపు తీసి, పిమ్మట మగ్గమాపి మాటలాడవలెను. సినిమా పాట జోడింపవద్దు, హక్కుదారులు ఆక్షేపించినచో వీడియో మూగబోవును. అన్నిటికంటె చిక్కు రంగు. వంగపండు, నేరేడు, దానిమ్మ రంగులు ఫోనులో వేరుగా తోచును. ఉదయపు నీడలో, ప్రక్కన తెల్లబట్ట నుంచి తీసిన కొంత నయము. అయినను దానినే నమ్మరాదు. ఆర్డరు ఇచ్చువారికి రంగు నూలు పోగులను కార్డుకు అంటించి తపాలాలో పంపి, వారు సరే యన్న తరువాతనే అద్దకమునకు పోవలెను. రంగు కుదరలేదని చీరె తిరిగి వచ్చినచో రానుపోను ఖర్చు, పెండ్లివారి నిష్ఠురము రెండును మనవే.

మజూరికి నేయువారు ఒకటి గమనింపవలెను. నూలు షావుకారుదైనచో చీరెయు, నమూనాయు ఆయనవే. ఆయనను అడుగక క్రొత్త బుటాను వీడియోలో పెట్టుట నమ్మకద్రోహము. మరుసటి వారము అది మరమగ్గము మీద కనబడినను ఆశ్చర్యము లేదు. సంఘపు నమూనాలకును ఇదే నియమము, గ్రాఫు కాగితములు, అట్టలు చూపరాదు. అట్లని చేతులు ముడుచుకొన నక్కరలేదు. పోగు అతుకు మీ వ్రేళ్ళు షావుకారువి కావు. తెగిన పడుగు అతుకుట, పాత చీరె అంచును పోల్చి క్రొత్తదానికి రంగు కుదుర్చుట, ఇవి మీ విద్య. వానిని చూపి మీ పేరు, మీ మజూరి చెప్పుకొనుటకు ఎవరి సెలవును అక్కరలేదు.

ఇక ఖాతా ఎవరి చేతిలో నుండవలెను? సాధారణముగా ఇంటిలో చదువుకొన్న కుర్రవాడు తన ఫోనుతో తెరచును. అతడు బెంగుళూరులో ఉద్యోగమునకు పోయిన నాడు తాళపుచెవి అతనితోనే పోవును. సంఘము పేర వీడియోలు పెట్టువారు సంఘము పేర ఈమెయిలు తెరచి, రహస్యపదమును మూసిన కవరులో పెట్టి బీరువాలో నుంచి, ఆ సంగతి తీర్మానముగా మినిట్సు పుస్తకములో వ్రాయవలెనని మా అభిప్రాయము. మరియొక జాగ్రత్త. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను ప్రభుత్వము నిషేధించినపుడు, అందులో లక్షలమంది చూపరులను సంపాదించుకొన్న పల్లెటూరివారు ఒక్క రాత్రిలో వారినందరిని పోగొట్టుకొనిరి. చూపరులు ఆ కంపెనీవారు, మనవారు కారు. కొనినవారి పేరు, ఊరు, ఫోను, నేసిన చీరె రకము మన పుస్తకములో వ్రాసికొన్నచో వారు మనవారు.

డబ్బు విషయములో కొత్తవారి ఫోనులకు తొందరపడరాదు. మనకు డబ్బు వచ్చుటకు మన పిన్ నంబరు ఎన్నడును కొట్టనక్కరలేదు, కొట్టుమన్నవాడు దొంగ. డబ్బు పంపినట్లు ఫోటో వచ్చినను, బ్యాంకు ఖాతాలో జమ చూచుకొనకుండ చీరె కట్టవద్దు.

కడపటి లెక్క మగ్గములది. చీరెకు 6 దినములు పట్టు ఇంట రెండు మగ్గములున్నచో నెలకు 8 చీరెలు దిగును. వీడియో చూచి 20 మంది అడిగినచో అందరికి సరే యనరాదు. ఎనిమిది మందికి తేదీ చెప్పి, తక్కినవారికి మరుసటి నెల తేదీ చెప్పుడు, లేదా సంఘములోని వేరొక ఇంటికి పంపుడు. మాఘమాసపు పెండ్లిండ్లకు చీరె కావలసినవారు దసరాకు ముందే మన వీడియో చూచియుండవలెను. శ్రావణమునకైనచో వైశాఖములోనే. పెండ్లికి పదిదినములున్నదనగా పెట్టిన వీడియోకు వచ్చు ఫోనులు దుకాణములకే లాభము.