గుండెపోటు: ఇంటిలోనే గడచిపోవు గంటలు

రాత్రి భోజనము చేసి పండుకొనిన రైతుకు రెండు గంటలవేళ మెలకువ వచ్చును. రొమ్ముపై బండ పెట్టినట్లు బరువు, ఒడలెల్ల చెమట. వంకాయకూర పడలేదనుకొని లేచి కూర్చుండును. ఇల్లాలు వాము కషాయము కాచి యిచ్చి, వీపునకు అమృతాంజనము రుద్దును. నాలుగు గంటలకు ఊరి ఆర్.ఎం.పి. వచ్చి, గ్యాసని చెప్పి సూదిమందు వేసి పోవును. ఎట్లును తెల్లవారుచున్నది గదా, మొదటి బస్సుకు పోవుదమందురు. పట్టణము చేరి ఈసీజీ తీయించునప్పటికి పది గంటలగును. గడచిన యెనిమిది గంటలలో ప్రయాణమునకు పట్టినది గంటన్నర మాత్రమే. తక్కినదంతయు ఇంటిలో జరిగిన ఆలస్యమే. పల్లెలలో తిరుగునపుడు ఇట్టి సంగతులు మేము పలుమారులు వినియున్నాము.

గుండె కండరమునకు నెత్తురునందించు నాళములో గడ్డ ఏర్పడి దారి మూసుకొనుటయే గుండెపోటు. నెత్తురందని కండరము అరగంట గడచినది మొదలు చావనారంభించి, కొన్ని గంటలలో చాలభాగము చచ్చును. చచ్చిన కండరము మరల బ్రతుకదు. గడ్డను కరగించు సూదిమందు మొదటి రెండు మూడు గంటలలో మిక్కిలి మేలు చేయును; పండ్రెండు గంటలు దాటిన పిమ్మట దానివలన ప్రయోజనము స్వల్పము. మన దేశమున 20,937 మంది హృద్రోగులను పరిశీలించి 2008లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిన నివేదికను బట్టి, నాళము పూర్తిగా మూసుకొనిన తరహా గుండెపోటు వచ్చినవారిలో సగముమంది ఆసుపత్రి చేరుటకు 360 నిమిషములకు పైగా పట్టినది.

ఈ ఆలస్యమునకు అజ్ఞానమొక్కటే కారణమనుట న్యాయము కాదు. గుండెపోటనగా మనిషి రొమ్ము పట్టుకొని కుప్పగూలునని సినిమాలు మనకు నేర్పినవి. నిజమునకు చాలమందికి అది బరువుగానో, మంటగానో తోచి, ఎడమచేతికి, దవడకు, వీపునకు ప్రాకును. నడుమ కొంత తగ్గి, కషాయమువలననే తగ్గినదని నమ్మించును. మధుమేహము గలవారికి నొప్పియే లేక ఆయాసము, నీరసము మాత్రమే కలుగవచ్చును. స్త్రీల సంగతి మరియు కష్టము. వాంతి, అలసట కనబడినను పనిభారమనుకొని, ఇంటివారిని లేపుటకు మొగమోటపడి, పొయ్యి ముట్టించుటకే లేతురు. హైదరాబాదులోనున్న కుమారునికి ఫోను చేసి అతడు చెప్పువరకు కదలని ఇండ్లును కలవు. డబ్బు చేతిలో లేదను భయము అన్నింటికంటె బలమైనది. దానిని తేలికగా త్రోసివేయలేము. అయితే 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను వేర్వేరు పేర్లతో సాగుచున్నది. కార్డు వెదకుచు కూర్చుండనక్కరలేదు. వెనుక వచ్చువారు దానిని తేవచ్చును.

రొమ్ములో బరువు పదిహేను నిమిషములైనను తగ్గనిచో, లేదా చెమటతోను ఆయాసముతోను కూడియున్నచో, అది గ్యాసా కాదా యని ఇంటిలో తేల్చుకొన పూనుకొనరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న ఆరంభమైన ఈ సేవకు రుసుము లేదు. రోగిని నడిపింపక కూర్చుండబెట్టవలెను. మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవు అలవాటు ప్రమాదకరము. దారిలో గుండె ఆగినచో ఆదుకొనువారుండరు. ఆస్పిరిను పడనివారు గాని, కడుపులో పుండు, రక్తస్రావము గలవారు గాని కానిచో, ఫోనులో వైద్యసిబ్బంది చెప్పినట్లు ఆ మాత్రను నమలి మ్రింగవచ్చును. వాహనము వచ్చినపుడు, నొప్పి మొదలైన వేళ ఎంతయో సరిగా చెప్పవలెను. చికిత్స యేదో నిర్ణయించుటకు వైద్యునికి ఆ గంట కావలెను.

ఇంకొక మాట. మొదట తీసిన ఈసీజీలో లోపము కనబడకపోవచ్చును. అంతమాత్రమున లేచి బస్సెక్కి ఇంటికి రారాదు. కొంతసేపటికి మరల తీయుదుమని, రక్తపరీక్ష చేయుదుమని వైద్యుడు చెప్పినచో అచటనే యుండవలెను.