మూడు తీగల పాఠం

మా చేలో మోటారు షెడ్డులో ఒక రాస్ప్‌బెరీ పై బోర్డు ఉంది. అరచేతిలో పట్టేంత కంప్యూటరు. కరెంటు ఎప్పుడొచ్చిందీ, మోటారు ఎంతసేపు తిరిగిందీ వ్రాసి పెట్టడం దాని పని. పోయిన వేసవిలో ఓ రోజు కరెంటు పోయి వచ్చాక అది మళ్ళీ లేవలేదు. ఎర్రదీపం వెలుగుతోంది, అంతే. తెర లేదు, కీబోర్డు లేదు. "నోరులేని గొడ్డుకు జబ్బు చేస్తే ఏం తెలుస్తుందిరా?" అన్నాడు మా నాన్న. కాని మిత్రులారా, బోర్డుకు నోరుంది. దాన్నే సీరియల్ కన్సోల్ అంటారు. బోర్డు లేచేటప్పుడు ఏం చేస్తున్నదీ, ఎక్కడ ఆగిందీ అక్షరాలుగా పంపుతుంది. వినడానికి ఒక కేబులు చాలు.

కేబులుకు ఒక చివర యు.ఎస్.బి. మొన, రెండో చివర నాలుగు తీగలు. బోర్డు మీద రెండు వరుసల్లో 40 పిన్నులు. బయటి వరుసలో 2, 4 నంబర్లు 5 వోల్టులవి. 6 గ్రౌండు, 8 పలికేది, 10 వినేది. నా కేబులులో నలుపు గ్రౌండు, తెలుపు వినే తీగ, ఆకుపచ్చ పలికే తీగ. కనుక నలుపు 6కి, తెలుపు 8కి, ఆకుపచ్చ 10కి. ఒకరి నోరు ఇంకొకరి చెవికి ఎదురుగా ఉండాలి గదా! బోర్డుకు వేరే సప్లై ఉంటే ఎరుపును ముట్టుకోకూడదు, రెండు సప్లైలను కలపరాదు. రంగులను మాత్రం గుడ్డిగా నమ్మకండి, కేబులు కేబులుకూ మారతాయి. త్రీఫేజ్ మోటారుకు రెండు తీగలు తారుమారైతే వెనక్కి తిరుగుతుంది. అందుకే మా నాన్న ఎవరు బిగించినా ఒకసారి ఆన్ చేసి చూడందే నమ్మడు.

నల్ల తీగ ఎందుకని మా క్లాసులో ఒకడు అడిగాడు. ఇద్దరు రైతులు ఎవరి గట్టు మీద నుంచి వాళ్ళు నీటి లోతు కొలిస్తే లెక్కలు కలుస్తాయా? వోల్టేజీ కూడా అంతే, ఇద్దరికీ ఒకే గట్టు కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం వోల్టేజీ. ఈ పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు ఓర్చుకోలేవు. ఇది నేను డబ్బు పెట్టి నేర్చుకున్న పాఠం. వేరుసెనగ అమ్మిన డబ్బుతో కొన్న మొదటి బోర్డుకు, స్నేహితుని దగ్గర తెచ్చిన 5 వోల్టుల కేబులు తగిలించాను. ఆ తర్వాత బోర్డు మాట్లాడేది గాని, నేను కొట్టిన ఒక్క అక్షరమూ వినేది కాదు. చెవి కాలిపోయింది. ఇంట్లో చెప్పడానికి వారం పట్టింది. ఖాళీగా ఉన్నప్పుడు పలికే తీగ పై వోల్టేజీలోనే నిలబడి ఉంటుంది. కాబట్టి బోర్డుకు తగిలించక ముందే మల్టీమీటరుతో నలుపుకూ ఆకుపచ్చకూ మధ్య చూస్తే 3.3 ఉందా, 5 ఉందా తెలిసిపోతుంది. అర నిమిషం పని! పాత కంప్యూటర్ల తొమ్మిది పిన్నుల పోర్టు ఇంకా ప్రమాదం. 1969 నాటి ఆర్.ఎస్.-232-సి పద్ధతిలో వోల్టేజీ మైనస్ 15 నుంచి ప్లస్ 15 దాకా ఊగవచ్చు.

ఇక వేగం. సెకనుకు 115200 బిట్లు. ఒక అక్షరానికి మొదలు, ముగింపు గుర్తులతో కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 11520 అక్షరాలు. తాళం వేసే తీగ వేరే లేదు. మొదటి గుర్తు పడగానే ఎవరి గడియారంతో వాళ్ళు లెక్కపెట్టుకోవాలి. నేను మొదట 9600 పెట్టాను, తెర నిండా పిచ్చిగీతలు! వేగం సరిచేయగానే మాటలొచ్చాయి. ఒకటి మరచిపోకూడదు: కార్డులోని కాన్ఫిగ్ ఫైలులో ఈ సీరియల్ పోర్టును ముందే తెరిచి ఉంచాలి. అది లేక నా స్నేహితుడు పూటంతా తీగలు మార్చి మార్చి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం షెడ్డులో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చదివితే చివరి పంక్తుల్లో ఉంది జబ్బు. మెమరీ కార్డులోని ఫైలు వ్యవస్థ తెరుచుకోవడం లేదు. కరెంటు పోయిన క్షణంలో వ్రాత మధ్యలో తెగిపోయిందన్నమాట. కార్డు తీసి లాప్‌టాప్‌లో బాగుచేశాను. కడపటి వారం లెక్కలు మాత్రం పోయాయి, ఆ వారం ఏ మడికి ఎన్ని గంటలు పారిందో నాన్న జ్ఞాపకం మీదే వ్రాసుకున్నాం. బోర్డుకు ఇప్పుడు చిన్న బ్యాటరీ ఆధారం పెట్టాను. కేబులును మాత్రం తీయలేదు. ప్లాస్టిక్ కవరు చుట్టి మేకుకు వేలాడదీశాను. మా నాన్న దానికి తోక అని పేరు పెట్టాడు.