టైల్సు మీద తెల్లపొర

స్నానాల గదిలో కొత్తగా టైల్సు వేశారు. సందుల్లో సిమెంటు పూసి మేస్త్రీ వెళ్లాడు. మర్నాటికి టైల్సు నిండా తెల్లని పొర! నీళ్లతో ఎంత రుద్దినా పోదు. ఎందుకో తెలుసా? సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీటితో జరిగే రసాయన చర్య వల్ల. పైగా అందులోంచి వచ్చే సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. దాన్ని కరిగించేది ఆమ్లమే.

మేస్త్రీలు వాడే ఆసిడ్ హైడ్రోక్లోరికామ్లం. నీళ్లలో కలిపిన ఆసిడ్ పడగానే పొర బుసబుసా పొంగుతుంది. సందుల్లోని సిమెంటునూ తింటుంది సుమా! మరి నేల టైల్సు కాక రాయి అయితే? శ్రీకాకుళం జిల్లా టెక్కలి గ్రానైటులో సిలికా ఖనిజాలెక్కువ, అంత తేలిగ్గా లొంగదు. కడప రాయి సున్నపురాయి. పొరతోపాటు అదీ కరుగుతుంది. మిగిలిన ముక్కపై నిమ్మరసం చుక్క వేసి, కాసేపాగి తుడిచి చూడండి. మచ్చ పడిందా? ఆసిడ్ వద్దు. ఆసిడ్ పని పెద్దలదే. బ్లీచింగు పౌడరుతో మాత్రం ఎన్నడూ కలపరాదు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది.